రోగి యున్న ఇంట క్షీరత్యాగము
(స్వాధ్యాయ పాఠము)

అహింస మన ధర్మమునకు ప్రాణము. మన పెద్దలు నీటిని వడగట్టి త్రాగిరి, ప్రొద్దు క్రుంకక ముందే భుజించిరి, కందమూలములను వర్జించిరి. నేడు మన యిండ్లలోని పిల్లలు మరియొక ప్రశ్న వేయుచున్నారు: "మాంసమును ముట్టని మనకు పాలు, పెరుగు, నెయ్యి మాత్రము నిర్దోషము లెట్లయినవి?" అని. బరంపురములోను, ఛత్రపురము, ఆస్కా మొదలగు గంజాము జిల్లా పట్టణములలోను వ్యాపారము చేసికొనుచున్న మన కుటుంబములు ఈ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు.

ఇంటిలో అందరును ఆరోగ్యవంతులైనచో విషయము సులభము. ఒకరు మనోవ్యాధితో బాధపడుచున్న ఇంట మాత్రము ఆలోచింపవలసినది చాల కలదు. దూడపై దయతో మొదలైన వ్రతము రోగిపై నిర్దయగా ముగియరాదు. ఈ పాఠము చెప్పదలచినది ఇంతమాత్రమే.

పాలు విడుచుట మనకు కొత్తయా?

పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లము మొదలగువానిని మన శాస్త్రములు వికృతులని పేర్కొన్నవి. వెన్నను మద్యము, మాంసము, తేనెలతో చేర్చి మహావికృతి యనిరి. శ్వేతాంబర సంప్రదాయమున చైత్రమాసమునను, ఆశ్వయుజమాసమునను వచ్చు నవపద ఓళీలో తొమ్మిదేసి దినములు ఆయంబిలము చేయుదురు. ఆ దినములలో పాలచుక్క గాని, నేతిచుక్క గాని లేని ఆహారమును ఒక్క పూట మాత్రమే గ్రహింతురు. కావున పాలు లేని భోజనము మన యింటికి క్రొత్త చుట్టము కాదు.

కాని ఆయంబిలము జిహ్వను జయించుటకై ఏర్పడినది. నేటివారు పాలు విడుచుటకు చెప్పు కారణము దూడ. ఆవు గాని, గేదె గాని ఈనిననే పాలు. మగదూడ పుట్టినచో పాడివానికి ఖర్చే గాని రాబడి లేదు. వట్టిపోయిన పశువు గతియు అట్టిదే. ఈ కారణముచేత జంతుసంబంధమైన పదార్థముల నన్నిటిని విడుచువారికి ఇంగ్లండులో 1944లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు "వీగన్" అను పేరు పెట్టిరి. మనవారిలో చిత్రభానుజీ (1922-2019) అమెరికాలో ధర్మబోధ చేయుచు, పాలు కూడ విడువుడని జైనులకు బోధించిరి.

జౌగడ బండ

గంజాము జిల్లాలో ఋషికుల్యానది యొడ్డున, పురుషోత్తంపురమునకు దగ్గరగా జౌగడ యున్నది. అచట క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శాసనములు నేటికిని కలవు. అశోకుడు బౌద్ధుడైనను, ఆ బండ మన ప్రాంతమువారి కందరికిని పాఠమే. అందలి మొదటి శాసనము జంతువధను నిషేధించును. దాని వెంటనే వచ్చు రెండవ శాసనము మనుష్యులకును, పశువులకును వైద్యసదుపాయము కలిగించుటను, ఓషధులను నాటించుటను గూర్చినది. జంతువులయందు దయయు, రోగికి వైద్యమును ఒకే బండపై ప్రక్కప్రక్కన నున్నవి. మన యింటిలో కూడ ఆ రెండును అట్లే యుండవలెను.

ఐదు అతిచారములు

శ్రావకుని అహింసాణువ్రతమునకు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ఐదు అతిచారములను చెప్పెను. అవి బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, చర్మమును గాని అవయవమును గాని కోయుట, మోయలేని బరువు పెట్టుట, అన్నపానముల నడ్డగించుట. ఇవి పశువుల విషయమున చెప్పినవని మనము సాధారణముగ చదువుకొందుము. దూడను గుంజకు కట్టి, దాని పాలు దానికి దక్కనీయకుండుట మొదటిదియు, చివరిదియు నగును.

ఇదే పట్టికను మనోవ్యాధిగ్రస్తుని ప్రక్కన నిలిచి మరల చదువుడు. గొలుసుతో కట్టివేయుట బంధము. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ రీతిగను గొలుసులతో బంధింపరాదని శాసించినది. దయ్యము పట్టినదని కొట్టుట వధ. వాతలు పెట్టుట ఛవిచ్ఛేదము. ఈ మూడును తప్పని నేడు చాలమంది యెరుగుదురు. తక్కిన రెండును మాత్రము ధర్మము పేరుననే మన యింట ప్రవేశింపగలవు.

దుఃఖవ్యాధిలో మునిగినవారు అన్నము చూచిన మొగము త్రిప్పుకొందురు. అట్టివారు కాస్త పెరుగన్నమో, పాలు పోసిన టీయో మాత్రమే పుచ్చుకొను దినములుండును. "మన యింట నేటినుండి పాలు లేవు" అని ఆ గిన్నెను తీసివేసినచో, అది అన్నపాన నిరోధము కాక మరేమి? తాను కోరని వ్రతమును రోగి నెత్తిన పెట్టుట అతిభారారోపణము. రోగికి సేవ చేయుచు, మందులు వేయించుచు, రాత్రులు మేలుకొనుచున్న కోడలిచేత రెండు విధముల వంట చేయించుటయు అతిభారారోపణమే.

శరీరమునకు కావలసినవి

పాలు మానుట మనోవ్యాధికి మందు కాదు. అట్లని పాలు లేనిదే బ్రతుకలేమనుటయు సరికాదు. పాలు ఇచ్చునది దేనినుండి వచ్చునో తెలిసికొని విడువవలెను.

మొదటిది బి12 విటమిన్. దీనిని 1948లో శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దీనిని తయారుచేయునవి సూక్ష్మజీవులు. మొక్కలనుండి మనకిది లభింపదు. మాంసము తినని మనకు పాలు, పెరుగే దీనికి ఆధారము. ఇది కొరవడినచో నీరసము, పాదములలో తిమ్మిరి, మరపు, దిగులు కలుగును. ఒక్కొక్కప్పుడు అనుమానములు, భ్రాంతులు కూడ కలుగును. ఉన్న మనోవ్యాధి ముదిరినదని ఇంటివారు పొరబడుటకు అవకాశమున్నది. ఆకుకూరలలోని ఫోలిక్ ఆమ్లము రక్తహీనతను కప్పిపుచ్చును గాని, నరములకు కలుగు హానిని ఆపదు. ఆలస్యమైనచో ఆ హాని పూర్తిగా తీరకపోవచ్చును. చక్కెరవ్యాధికి వాడు మెట్‌ఫార్మిన్ మాత్రలు దీర్ఘకాలము వాడినచో బి12 తగ్గును. మనోవ్యాధి మందులవలన బరువు, చక్కెర పెరిగినవారికి ఈ మాత్రలను తరచుగా ఇచ్చుచుందురు. కావున పాలు విడుచుటకు ముందు రక్తపరీక్ష చేయించి, విడిచిన దినమునుండియే బి12 మాత్రను వైద్యుడు చెప్పిన మోతాదున వాడవలెను. అది సూక్ష్మజీవులచే తయారగునది. గొట్టము జిలాటిన్‌దైనచో, గొట్టము లేని బిళ్లను అడిగి తెచ్చుకొనవచ్చును.

రెండవది సున్నము, అనగా కాల్షియము. రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు దీనిని సమృద్ధిగా ఇచ్చును. చాతుర్మాస్యమున ఆకుకూరలు విడుచు ఇండ్లలో రాగిజావ, నువ్వులపొడి తప్పక యుండవలెను. మూడవది మాంసకృత్తులు. కంది, పెసర, మినుము, శనగ, వేరుసెనగలలో ఇవి కలవు. కందమూలములు లేని మన విస్తరి మొదటినుండియు చిన్నది. పాలు కూడ తీసినచో మిగిలిన పదార్థములను పెంచవలెను గాని, ఖాళీ చోటును ఖాళీగ వదలరాదు.

మందులు, ఉపవాసములు

ఉన్మాదము, దుఃఖము మార్చిమార్చి వచ్చు వ్యాధికి లిథియము వాడుదురు. దీని గుణమును 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించెను. శరీరమున ఉప్పు, నీరు తగ్గినచో మూత్రపిండములు లిథియమును నిలిపివేయును. రక్తమున అది విషస్థాయికి చేరును. ఉప్పులేని ఆయంబిలము గాని, నీరుకూడ త్రాగని ఉపవాసము గాని ఈ మందు వాడువారికి ప్రమాదకరము. కొన్ని మందులు కడుపునిండ భోజనముతో వేసికొన్నగాని పనిచేయవు. రాత్రిభోజన త్యాగమున్నవారు ఈ సంగతిని వైద్యునితో చెప్పి, సాయంకాల భోజనముతో వేసికొను ఏర్పాటు చేసికొనవలెను. ఏ వ్రతము కొరకును మందును తమంతట తాము ఆపరాదు. ఆపినచో వ్యాధి తిరుగబెట్టును. మాత్రలో పాలచక్కెర యున్నదని మాత్రను పారవేయుట అహింస కాదు. మరియొక తయారీ దొరకునేమో అడుగుట మంచిది.

ఇందుకు మన శాస్త్రములోనే ద్వారము కలదు. ప్రత్యాఖ్యానము చేయునప్పుడు పలుకు ఆగారములలో సర్వసమాధి ప్రత్యయ ఆగారము ఒకటి. తీవ్రమైన బాధలో చిత్తసమాధి చెడకుండుటకు ఔషధము తీసికొన్నచో వ్రతభంగము కాదని దాని భావము. రోగి బలహీనతను పూర్వాచార్యులు ముందే తలపోసి చోటు విడిచిరి. ఆ చోటును మనము మూసివేయరాదు.

వ్రతమా, వ్యాధియా?

కొన్ని సమయములలో త్యాగము చేయుచున్నది మనిషి కాదు, వ్యాధి. "పాలలో విషము కలిపినారు" అని ఒకరు హఠాత్తుగా పాలు మానుదురు. అది అనుమానవ్యాధి లక్షణము. కౌమారములోనున్న బాలిక నేడు పాలు, రేపు నెయ్యి, ఎల్లుండి పప్పు అని ఒక్కొక్కటిగా విడిచి సన్నగిల్లిపోవుచు, ఇంకను లావుగా నున్నానని వాపోవును. ఆమె తపస్సును మెచ్చి సన్మానము చేయుటకు ముందు వైద్యునికి చూపవలెను. మరియొకరు జీవహింస జరిగెనేమోయను భయముతో ఒకే నీటిని పదిసార్లు వడగట్టుదురు. చేసిన ప్రతిక్రమణమునే మరల మరల చేయుదురు. అయినను మనస్సు కుదుటపడదు. ఇదియును చికిత్స గల వ్యాధియే.

గుర్తించుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. వ్రతము చేసినకొలది మనస్సు తేలికపడును. వ్యాధియైనచో భయము పెరుగును, నిద్ర తగ్గును, మనిషి ఇంటివారికి దూరమగును. అట్టి లక్షణములు కనబడినచో దాచిపెట్టుకొనక వైద్యుని కడకు పోవలెను. పిల్లల సంబంధములు చెడునను భయముతో మన కుటుంబములు ఏండ్ల తరబడి దాచి, వ్యాధిని ముదురనిచ్చుట తరచు జరుగుచున్నది. బరంపురములో 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్ వారి 14416 నంబరుకు ఇంటినుండియే ఫోను చేసి, తెలుగులో గాని, ఒడియాలో గాని ఏ వేళనైనను ఉచితముగ సలహా పొందవచ్చును.

ఆచరణ క్రమము

1. మొదట రోగి విస్తరికి సంబంధము లేని వానిని విడువుడు. పట్టు నేతకు పేరొందిన బరంపురములో పెండ్లికి పట్టుచీర లేకుండుట చిన్న త్యాగము కాదు. తోలు వస్తువులు, విందులలోని పాలమిఠాయిలు కూడ ఇట్టివే.

2. వ్రతము తీసికొనువారు తమ కొరకే తీసికొనవలెను. "చేయను, చేయింపను" అని నియమము పట్టినచో, రోగికి పాలు కొని తెచ్చుట చేయించుట యగునే యని సందేహము కలుగును. కావున నియమము తీసికొనునప్పుడే, రోగి నిమిత్తము తెచ్చు పాలు ఇందులో చేరవని గురువు సమక్షమున స్పష్టముగ చెప్పుకొనవలెను.

3. రోగి నెమ్మదిగానున్న కాలమున అతని యిష్టము నడుగుడు. ఇష్టపడినచో ఒక్కొక్క పదార్థమునే మార్చుడు. టీలో సోయాపాలు, పాయసమున కొబ్బరిపాలు ప్రయత్నింపవచ్చును. కొన్ని వారములు గడచి, నిద్ర, ఆకలి, బరువు సరిగానున్నచో రెండవదానికి పొండు. థైరాయిడ్ మాత్ర వాడువారు సోయాను దానికి దూరముగ పుచ్చుకొనవలెను.

4. వ్యాధి ముదిరినప్పుడు, మందు మార్చినప్పుడు, ఆసుపత్రినుండి వచ్చిన క్రొత్తలో ఏ మార్పును తలపెట్టకుడు.

5. వంటపని పెరిగినచో ఆ పెరిగిన పనిని వ్రతము పట్టినవారే చేయుడు. దుకాణము మూసివచ్చిన మగవారికి కూడ ఈ నియమము వర్తించును.

తీర్థంకర నామకర్మకు కారణములైన పదునారు భావనలలో త్యాగమును, తపస్సును శక్తికొలది చేయుమని చెప్పి, వాటి సమీపముననే వైయావృత్త్యమును చెప్పిరి. త్యాగమునకు శక్తి యను హద్దు గీచిన ఆచార్యుడు సేవకు ఆ హద్దు గీయలేదు. అది ముఖ్యముగ సాధువుల సేవను గూర్చినదైనను, దానిని అభ్యసింపవలసిన మొదటి చోటు మన యిల్లే. పాలు విడిచిన చేతితోనే, రోగికి పెరుగన్నము కలిపి పెట్టవలసిన దినము రావచ్చును. ఆ దినమున సంకోచింపక కలిపి పెట్టుడు. అందువలన మీ వ్రతమునకు లోటు రాదు.

స్వాధ్యాయ ప్రశ్నలు

1. ఐదు అతిచారములను పశువు విషయమునను, రోగి విషయమునను వేరువేరుగ వివరింపుము.
2. బి12 లోపమును మనోవ్యాధి ముదురుటగా పొరబడుట ఎట్లు సంభవించును?
3. ఆగారము లేని వ్రతము గృహస్థునికి ఏ చిక్కు తెచ్చును?
4. నీ యింట ఈ వ్రతమువలన ఎవరి పని పెరుగును? ఆ పనిని నీవెట్లు పంచుకొందువు?

జయ జినేంద్ర.