చల్లని పెట్టెలో రొయ్యలు

మన ఇల్లందు బొగ్గు రైలెక్కి ఎంతో దూరం పోతుంది. దారిలో ఆలస్యమైనా చెడదు. రొయ్యల సంగతి అలా కాదు. ఐసు లేకపోతే పొద్దున పట్టినవి సాయంత్రానికే వాసన కొడతాయి.

మరి భీమవరం చెరువుల్లో పెరిగిన రొయ్యలు అమెరికా దాకా ఎలా పోతున్నాయి?

పట్టగానే ఐసులో వేసి ఫ్యాక్టరీకి తెస్తారు. అక్కడ తలలు తీసేది, పొట్టు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. చల్లటి నీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కే పని అది. తర్వాత యంత్రంలో పెట్టి రాయిలా గడ్డ కట్టిస్తారు. పెద్ద ఇనుప పెట్టెలో నింపుతారు. దాన్ని కంటెయినర్ అంటారు. కొన్నింటి పొడవు 40 అడుగులు! విశాఖపట్నం రేవులో ఆ పెట్టె ఓడ ఎక్కుతుంది. ఓడలోనూ దానికి కరెంటు పెడతారు. లోపల చలి సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండాలి. వారాల తరబడి అలాగే ఉండాలి.

ఎందుకంత జాగ్రత్త? చలి క్రిములన్నిటినీ చంపదక్కా, నిద్రపుచ్చుతుంది. మధ్యలో కరెంటు పోయి రొయ్యలు కరిగాయా, అవి లేస్తాయి. మళ్లీ గడ్డ కట్టించినా చెడింది బాగుపడదు. చెరువులో వాడకూడని మందు వాడితే దాన్నీ చలి పోగొట్టదు. అమెరికాలో పరీక్ష చేస్తారు. మందు బయటపడితే సరుకు తీసుకోరు.

మన బజారులో కూడా ఐసు మీద ఉంది కదా అని చేప కొనకండి. మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి.