స్మారక నాణేలు: ఎన్టీఆర్ వంద రూపాయలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పోటీ పరీక్షల అభ్యర్థులకు ప్రత్యేకం

స్వతంత్ర భారత తొలి స్మారక నాణెం: 1964, నెహ్రూ.

ఎన్టీఆర్ శతజయంతి నాణెం: విలువ రూ.100. విడుదల 2023 ఆగస్టు 28, రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా. వ్యాసం 44 మి.మీ., బరువు 35 గ్రాములు. వెండి 50, రాగి 40, నికెల్ 5, జింక్ 5 శాతం. అంటే అసలు వెండి 17.5 గ్రాములే, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో దీన్ని మేలిమి వెండి అనరు. ఒకవైపు అశోక స్తంభ సింహాలు, మరోవైపు ఎన్టీఆర్ చిత్రం, 1923-2023. (లోహాల శాతాలు తప్పక అడుగుతారు.)

చట్టం: నాణేల చట్టం, 2011. గరిష్ఠ విలువ రూ.1000. ముద్రించేది కేంద్రం, చలామణిలోకి తెచ్చేది ఆర్‌బీఐ. ఇక్కడే చాలామంది తప్పుగా గుర్తిస్తారు.

టంకశాలలు: ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. హైదరాబాద్‌ది 1803లో మొదలైంది, 1997 నుంచి చర్లపల్లిలో.

అనుబంధం (నాణేలు కాక ఇతర అంశాలు): అరబిక్ గ్రంథ ప్రచురణకు పేరొందిన దాయిరతుల్ మారిఫ్, హైదరాబాద్, 1888. శివతాండవం కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో నివసించారు; పద్మశ్రీ 1972.

1888, 1964, 2011, 2023: ఈ నాలుగు సంవత్సరాలను వాటి అంశాలతో జతపరచడం సాధన చేయండి.