ఎన్‌క్లెక్స్ పోయాక ఏం కొనాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేశాను. అమెరికా లైసెన్సు కోసం రాసిన ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పోయింది. ఈసారి ఏ కోర్సు మంచిది?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొనడం తర్వాతమ్మా. ముందు ఫెయిలైన వాళ్లకిచ్చే పర్ఫార్మెన్స్ రిపోర్టు తీయండి. ఏ విభాగంలో పాస్ ప్రమాణానికి పైనున్నారో, దగ్గరున్నారో, కిందున్నారో అందులో ఉంటుంది. ఫార్మకాలజీ లాంటివి కిందుంటే పాఠం మళ్లీ చదవాల్సిందే. సాండర్స్ లాంటి పుస్తకం ఒకటి చాలు. చాలావరకు దగ్గరే ఉంటే సబ్జెక్టు వచ్చినట్టే, ప్రశ్నను అర్థం చేసుకోవడంలో తేడా కొడుతోంది. అప్పుడు యూవరల్డ్ వంటి ప్రశ్నల బ్యాంకు ఒక్కటే తీసుకుని, ప్రతి తప్పు జవాబూ ఎందుకు తప్పో చదవండి. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలతో పరీక్ష మారింది, కాబట్టి పాత పుస్తకాలైతే జాగ్రత్తగా చూసి కొనండి. ‘అసలు ప్రశ్నలే’ అని అమ్మే పీడీఎఫ్‌ల జోలికి పోకండి. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి.