సేవలో ఎవరి వాటా ఎంత?

ప్రశ్న: పక్షవాతంతో కుడివైపు చచ్చుబడిన అత్తగారిని ఈ మధ్యనే ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చుకున్న పాలకొల్లు కోడలొకరు, పడక పుండ్లు రాకుండా ఏ మందు రాయాలని, నీళ్ళు పట్టినప్పుడల్లా పొలమారుతుంటే ఏమి చేయాలని అడిగారు. భర్త దుకాణం చూసుకుంటారని, బెంగళూరులోని మరిది నెలనెలా డబ్బు పంపుతారని, భీమవరంలోని ఆడపడుచు పండుగలకు వచ్చి చూసి వెళతారని, రాత్రిళ్ళు తనకు నిద్ర ఉండడం లేదని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు.

జవాబు: పడక పుండ్లను ఆపే మందు లేదు. ఒకే భంగిమలో గంటల తరబడి పడుకున్నప్పుడు ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందక కండ చచ్చిపోవడమే పడక పుండు గనుక, ఒత్తిడి ఒకే చోట పడకుండా చూడడమే దానికి అసలైన నివారణ. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం ప్రతిరోజూ ఒళ్ళు తుడిచే వేళ చూడవలసిన చోట్లు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు చర్మం తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. తెల్లబడకుండా ఎరుపు అలాగే నిలిచి ఉంటే పుండు మొదలైనట్టు. చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు గనుక, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉన్న చోటును చేతితో తడిమి కనిపెట్టాలి. అటువంటి చోట స్పిరిటుతో గాని నూనెతో గాని రుద్దడం, గాలి నింపిన రబ్బరు రింగు కింద పెట్టడం మన ఇళ్ళలో వాడుకగా వస్తున్నా, అవి రెండూ కీడే చేస్తాయి. రుద్దితే బలహీనపడిన కండ మరింత చితుకుతుంది, రింగు పెడితే దాని అంచు వెంట రక్తప్రసరణ తగ్గిపోతుంది.

రోగిని సాధారణంగా రెండు గంటలకొకసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మార్చుతూ ఉండాలి. గాలి గదులు వంతులవారీగా నిండి ఖాళీ అయ్యే ఎయిర్ బెడ్ కొన్నా తిప్పడం మానరాదు. తిప్పడానికి భుజాల నుండి తొడల దాకా వచ్చేట్టు మడిచిన గట్టి దుప్పటిని రోగి కింద పరచి, ఇద్దరు చెరొక వైపు దుప్పటి అంచులు చుట్టి పట్టుకొని, ఒకేసారి కొద్దిగా ఎత్తి జరపాలి. చచ్చుబడిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. పక్కకు తిప్పినప్పుడు బరువంతా తుంటి మీద పడకుండా, వీపు వెనుక దిండు ఆనించి సుమారు 30 డిగ్రీల ఏటవాలులో ఉంచి, మోకాళ్ళ నడుమ మరొక దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మెత్త అమర్చాలి.

పొలమారడం చిన్న విషయం కాదు. పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి గనుక, నీరు, ఆహారం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు. జావ కంటే నీళ్ళలాంటి పలుచని ద్రవాలే చాలామందికి ఎక్కువ పొలమారతాయి. వైద్యుని చేత గాని స్పీచ్ థెరపిస్టు చేత గాని మింగే శక్తిని వెంటనే పరీక్ష చేయించాలి; అది జరిగేదాకా పడుకోబెట్టి నోట్లో నీళ్ళు పోయనే కూడదు. వారు అనుమతించిన ఆహారాన్ని నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా పెట్టి, తిన్న తరువాత కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టాలి.

ఇక ఉత్తరం చివరి వాక్యం. రెండు గంటలకొకసారి తిప్పడమంటే రోజుకు 12 సార్లు, అందులో నాలుగైదు సార్లు రాత్రివేళ. అది ఒక్కరే చేస్తే ఆ మనిషికి వరుసగా రెండు గంటల నిద్ర కూడా ఉండదని, ఆ స్థితి నెలల తరబడి సాగితే ఇంట్లో మంచాన పడేది ఒక్కరు కాదు, ఇద్దరవుతారని లెక్కలు రానివారికి కూడా అర్థమవుతుంది. సెంటు భూమికి పెద్దమనుషులను కూర్చోబెట్టి కాగితం రాసుకునే కుటుంబాలు, కన్నతల్లి సేవను మాత్రం నోటిమాటగానైనా పంచుకోకుండా కోడలి మీద వదిలేయడం అన్యాయం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కొడుకు, కూతురు, మేజర్లయిన మనవలు, మనవరాళ్ళ మీద పెట్టింది. ఆ నిర్వచనంలో కోడలి పేరు గాని అల్లుడి పేరు గాని లేదు. చట్టం బాధ్యులన్నవారు డబ్బు పంపి, పండుగకు వచ్చి, సలహా చెప్పి ఊరుకుంటుంటే, చట్టం పేరెత్తని మనిషి రాత్రంతా మేలుకుంటున్నది.

డబ్బు అవసరమే గాని, రాత్రి రెండింటికి దుప్పటి రెండో అంచు పట్టుకోవడానికి అది పనికిరాదు. అందువల్ల మరిదిని, ఆడపడుచును ఇంటికి పిలిచి, తిప్పడం, తినిపించడం, మలమూత్రాలు శుభ్రం చేయడం, మందులు తేవడం, ఆసుపత్రికి తీసుకువెళ్ళడం ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసి, ప్రతి పని ఎదుట పేరు, వారం రాయించాలి. భర్త రాత్రి వంతులో సగం తీసుకోవాలి. దుకాణం పగటి పని. ఆడపడుచు వారానికి ఒక పగలు, ఒక రాత్రి తల్లి దగ్గర ఉండాలి. మరిది సెలవులను ఏడాది మొదట్లోనే అన్నతో మాట్లాడుకొని తల్లికి కేటాయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికి పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది గనుక, గ్రామ లేదా వార్డు సచివాలయంలో విచారించి, అర్హత కలిగితే ఆ సొమ్మును సహాయకురాలి జీతానికే ప్రత్యేకించాలి. ఇవన్నీ అడగడం గొడవ పెట్టుకోవడం అవుతుందేమోనన్న సంకోచం ఆమెకు అక్కరలేదు.

ప్రశ్న: రాత్రిళ్ళు కేకలు వేసే తండ్రికి మందుల దుకాణంలో నిద్రమాత్ర కొని వేయవచ్చా అని ఏలూరు నుండి ఒకరు అడిగారు.

జవాబు: వేయకూడదు, వృద్ధులలో అది పడిపోవడానికి, మతి మరింత తప్పడానికి దారితీస్తుంది.

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ముగ్గురు అన్నదమ్ములు డిమెన్షియా ఉన్న తల్లిని నెలకొకరి ఇంట వంతులవారీగా ఉంచుకుంటున్నారు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆమె సాయంత్రం కాగానే మూట కట్టుకొని ఇంటికి పోదామని ఏడుస్తున్నదని, ఆమెకు ఎలా నచ్చజెప్పాలని రెండవ కొడుకు ప్రశ్న.

జవాబు: నచ్చజెప్పవలసింది అన్నదమ్ములకు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, తెలివిడి క్రమంగా తరిగిపోయే స్థితి. అందులో కొత్తగా చూసినవి ముందు పోతాయి, ఏళ్ళ తరబడి అలవాటైనవి చాలాకాలం నిలుస్తాయి. తన ఇంట్లో స్నానాలగది దారి కాళ్ళకు తెలిసి ఉంటుంది, దేవుడి గూడు ఎక్కడున్నదో కళ్ళకు తెలిసి ఉంటుంది. నెలకొకసారి ఇల్లు మార్చడమంటే ఆమెకు మిగిలిన ఆ కాస్త ఆధారాన్నీ లాగివేయడం. సాయంత్రపు అలజడి ఈ రోగంలో సాధారణమే గాని, పదేపదే చోటు మారడం దాన్ని పెంచుతుంది. పొద్దుగూకక ముందే దీపాలు వేసి, ఎదురు వాదించకుండా, ఇంటికి పోదామన్నప్పుడు అవునని చెప్పి నాలుగడుగులు పెరట్లో నడిపించి తీసుకురావాలి. అలజడి ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా వేసిన మందు కారణం కావచ్చు గనుక వైద్యునికి చూపించాలి. థైరాయిడ్, బి12 లోపాలు కూడా మతిమరుపు తెస్తాయి గనుక ఆ పరీక్షలు జరిగాయో లేదో చూసుకోవాలి. అన్నదమ్ములు పంచుకోవలసింది పనిని, మనిషిని కాదు. తల్లి తన సొంత ఇంట్లోనే ఉండాలి, కొడుకులు, కోడళ్ళు వంతులవారీగా అక్కడికి రావాలి.

ప్రశ్న: మతిమరుపు మొదలైన తండ్రి పింఛను, బ్యాంకు వ్యవహారాలు చూసుకోవడానికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలునా అని హనుమకొండ నుండి ఒకరు అడిగారు.

జవాబు: చాలదు. ఇచ్చిన వ్యక్తికి మతి తప్పిన తరువాత ఆ అధికారపత్రం చట్టరీత్యా చెల్లకుండా పోతుంది. అప్పుడు సంరక్షకుని నియామకం కోసం న్యాయస్థానానికి వెళ్ళవలసి వస్తుంది. అందువల్ల తండ్రికి తెలివిడి ఉండగానే, ఆయన సమ్మతితో, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగల ఉమ్మడి ఖాతా, నామినేషన్, వీలునామా పూర్తి చేసుకోవాలి. పింఛనుదారు ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రాన్ని ఇంటి వద్దనే ఫోనులో ముఖ గుర్తింపుతో సమర్పించే సదుపాయం జీవన్ ప్రమాణ్‌లో ఉంది.

ప్రశ్న: ఆరేళ్ళుగా భర్తకు సేవ చేస్తున్న ఒక ఇల్లాలు, ఈయన పోతే బాగుండునని ఒక రాత్రి అనిపించిందని, అది పాపమా అని అడిగారు.

జవాబు: కాదు. అది విశ్రాంతి లేని శరీరం పెట్టే మొర. మమకారం ఉన్నవారికే ఈ ఆలోచన వచ్చినప్పుడు ఇంత భయం కలుగుతుంది. అయితే తిప్పేటప్పుడు చెయ్యి మొరటుగా పడుతున్నా, అన్నం సహించకపోయినా, తనకు బతకాలని లేకపోయినా ఆలస్యం చేయకుండా 14416 నంబరుకు ఫోను చేయాలి. టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ సేవలో మానసిక ఆరోగ్య సలహాదారులు తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పిల్లలు ఉన్నట్లయితే ఈ జవాబును వారికి చదివి వినిపించాలి.

ప్రశ్న: రాత్రింబగళ్ళు ఉండే ఆయా దొరికిందని, ఇక ఇంట్లోవారు నిశ్చింతగా ఉండవచ్చా అని విశాఖపట్నం నుండి ఒకరు అడిగారు.

జవాబు: ఆమెకు కూడా రాత్రి నిద్ర, వారానికి ఒక రోజు సెలవు కావాలి, ఆ రోజు ఎవరి వంతో ఆమె పనిలో చేరకముందే రాసి పెట్టుకోవాలి.