డెబ్బై దాటిన తల్లికి ఈసీటీ చేయించవచ్చా?

సమస్య

విజయవాడకు చెందిన ఒక పాఠకురాలి తల్లికి 72 ఏళ్లు. భర్త పోయిన కొన్ని నెలలకు నిద్ర కరువై, మాట తగ్గి, ఇప్పుడు రెండు ముద్దలు కూడా మింగని స్థితికి చేరిన ఆమె, తన పేగులు కుళ్లిపోయాయని, తన పాపమే ఇంటిని ముంచిందని పదేపదే అంటున్నారు. రెండు రకాల మందులు తగినంత కాలం వాడినా గుణం కనిపించకపోవడంతో మానసిక వైద్యుడు ఈసీటీ (విద్యుత్తుతో మెదడులో ఫిట్స్ రప్పించే చికిత్స) సూచించగా, అమెరికాలో ఉన్న కొడుకు ‘అమ్మకు కరెంటు షాకులు పెట్టిస్తారా’ అంటూ అడ్డుపడుతున్నాడు. బీపీ, షుగరు ఉన్న మనిషి దీన్ని తట్టుకోగలదా, జ్ఞాపకశక్తి పోతుందా, తమ్ముడు ఒప్పుకోకపోయినా ముందుకు వెళ్లవచ్చా అన్నవి పాఠకురాలి సందేహాలు.

సలహా

ఈ లక్షణాలు భ్రమలతో కూడిన తీవ్రమైన డిప్రెషన్‌ను సూచిస్తున్నాయి. భ్రమ అంటే ఎంత నచ్చజెప్పినా సడలని అవాస్తవ నమ్మకం. మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది గాని, అన్నం నీళ్లు మానేసిన వృద్ధురాలికి అంత వ్యవధి ఉండదు. కొడుకు భయపడవలసింది షాకు గురించి కంటే ముందు ఈ పస్తుల గురించి. ఈసీటీకి బాగా స్పందించేది సరిగ్గా ఇలాంటి రోగులే. అమెరికాలో 60 దాటిన 240 మందికి ఒక మందుతో పాటు ఈసీటీ ఇచ్చి చూసిన అధ్యయనంలో దాదాపు 62 శాతం మందికి వ్యాధి లక్షణాలు పూర్తిగా తగ్గుముఖం పట్టాయి.

1938లో రోమ్‌లో ఈ చికిత్స మొదలైనప్పుడు మత్తు లేదు. సినిమాలు నేటికీ చూపిస్తున్నది ఆ రోజులనే. ఇప్పుడు మత్తు డాక్టరు సూదిమందుతో నిద్రపుచ్చి, కండరాలను సడలించే మందు ఇచ్చి, ముక్కు, నోటి మీద మాస్కు పెట్టి ఆక్సిజన్ అందిస్తారు. ఒక చీలమండకు ముందే బీపీ పట్టీ బిగించడం వల్ల సడలింపు మందు ఆ పాదానికి చేరదు. తలకు కొద్ది సెకన్ల విద్యుత్తు అందాక మెదడులో ఫిట్స్ వచ్చిన సంగతి ఆ పాదం వేళ్ల చిన్న కదలికను బట్టి, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ గీతలను బట్టి తెలుస్తుంది. అది సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది. మత్తు, సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన దేశంలో నిషేధించింది.

బీపీ, షుగరు ఉన్నంత మాత్రాన చికిత్సకు అనర్హులు కారు. అయితే ఫిట్స్ సమయంలో రక్తపోటు, గుండె వేగం కాసేపు పెరుగుతాయి కనుక ఇటీవలి గుండెపోటు గాని, మెదడులో గడ్డ గాని ఉంటే దాచకుండా చెప్పాలి. ఆ ఉదయం పరగడుపున ఉండటం, కట్టుడు పళ్లు తీసివేయడం తప్పనిసరి. షుగరు మాత్రల సంగతి మత్తు డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

జ్ఞాపకశక్తి విషయంలో కుటుంబానికి సగం నిజం చెప్పడం తగదు. మేలుకున్నాక కాసేపు అయోమయం సహజం. చికిత్స జరిగిన వారాల సంగతులు, కొందరికి అంతకుముందు నెలలవి కూడా, మళ్లీ గుర్తుకు రాకపోవచ్చు. కొత్త విషయాలు నేర్చుకునే శక్తి మాత్రం సాధారణంగా కొద్ది వారాల్లో తిరిగి వస్తుంది. తలకు కుడివైపున మాత్రమే విద్యుత్తు ఇచ్చే పద్ధతిలో మరపు తక్కువ కనుక అది వీలవుతుందేమో వైద్యుణ్ణి అడగడం మంచిది. డెన్మార్క్‌లో పెద్ద సంఖ్యలో రోగుల రికార్డులు పరిశీలించినప్పుడు ఈసీటీకీ డిమెన్షియాకూ, అంటే వృద్ధాప్యపు మతిమరుపు జబ్బుకూ, సంబంధం కనిపించలేదు.

ఇక సమ్మతి. అర్థం చేసుకుని నిర్ణయించగల స్థితిలో ఉంటే ఆ హక్కు తల్లిదే. లేకుంటే ఆమె తరఫున నిర్ణయించడానికి చట్టం గుర్తించే నామినేటెడ్ ప్రతినిధి ముందుకు రావాలి. సంతానమంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. అయినా కొడుకును వైద్యుడితో వీడియోకాల్‌లో నేరుగా మాట్లాడించడం మేలు; అక్క చెబితే వినని మాట డాక్టరు చెబితే వినవచ్చు.

సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 సార్లు ఇచ్చాక చికిత్స ముగుస్తుంది గాని, జబ్బు తిరగబెట్టే ముప్పు ముగియదు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్రలు మాత్రమే వాడిన వారిలో 84 శాతం మందికి ఆరు నెలల్లోపే వ్యాధి తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్, లిథియం అనే మందులు కలిపి వాడిన వారిలో అది 39 శాతమే. తల్లి మళ్లీ అన్నం తింటున్నారు కదా అని వైద్యుణ్ణి అడగకుండా మందులు ఆపరాదు.