అలను చూచినవారి మాట

2004 డిసెంబరు 26 ఉదయము సుమత్రా చెంత సముద్రగర్భమున భూమి కంపించినది. సుమారు రెండున్నర గంటలకు సునామీ ఆంధ్రతీరమును తాకి నూరుమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. నాడు మనకు హెచ్చరిక కేంద్రము లేదు. 2007 నుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఆ పని చేయుచున్నది. కడలి కానరాని జంటనగరములలో ఇట్టి కేంద్రముండుట వింతగా తోచవచ్చును!

అయితే నాడు నీరు మీ గ్రామమున ఏ ఇంటి గడప వరకు వచ్చినదో చూచినవారే చెప్పవలెను. ముందుగా సముద్రము వెనుకకు తగ్గెనా? ఎన్ని అలలు వచ్చెను? నడుమ ఎంత వ్యవధి యుండెను? తీరగ్రామముల పంచాయతీ సభ్యులు మత్స్యకారులను, వృద్ధులను కలిసి, వారి మాటలలోనే వ్రాసికొనవలెను. కొందరు దీనిని 1977 నాటి దివిసీమ ఉప్పెనతో కలిపి చెప్పవచ్చును. అది తుపాను తెచ్చినది. సునామీ నిర్మలాకాశము క్రిందనే రాగలదు. జాగ్రత్తగా విడదీయుడు. ఆశ్రయమునకు తగిన మెరకను నిర్ణయించునప్పుడు ఆ వ్రాత అక్కరకు వచ్చును. నాటి పెద్దలు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు.