సంకల్పము - సాధకుని దినచర్య

దేహమునకు, మనస్సునకు, ఆత్మకు వేర్వేరు సంకల్పములు వలయునా? వలయును, కాని అవి యొకే సూత్రమున గ్రుచ్చబడవలెను.

2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూరులో రైలు కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. బండి నడుపువారికి రేయింబవళ్ళ నియమము లేదు. బ్రాహ్మీముహూర్తమున ధ్యానింతునని సంకల్పించినవాడు ఆ వేళకు ఒకనాడు ఇంజనుపై నుండును, మరియొకనాడు గాఢనిద్రలో నుండును. కొలది దినములకే సంకల్పము భగ్నమగును. "నేను సాధనకు తగను" అను నిరాశ మిగులును. ఈ నిరాశయే అసలు హాని.

దోషము సాధకునియందు లేదు, సంకల్పమును గడియారమునకు కట్టుటయందున్నది. దానిని మేల్కాంచుటకు కట్టవలెను. ఏ వేళ మేల్కాంచినను ముందుగా పది నిమిషములు జపము: ఇది ఆత్మకు. పని ముగిసిన పిమ్మట మితాహారము, చాలినంత నిద్ర: ఇది దేహమునకు. పరుండుటకు ముందు నాటి కోపతాపములను భగవంతునికి అప్పగించుట: ఇది మనస్సునకు.

నిద్రను తగ్గించి జపమును పెంచుట సాధన కాదు. ఆ మెలకువపై వందలమంది ప్రయాణికుల ప్రాణములు ఆధారపడియున్నవి. గీత ఆరవ అధ్యాయము ఆహారవిహారములందు, నిద్రాజాగరణములందు మితమును విధించినది, గడియను విధింపలేదు.

అభ్యాసము దృఢమగుటకు పతంజలి మహర్షి మూడు చెప్పెను: దీర్ఘకాలము, ఎడతెగకుండుట, ఆదరము. కావున సంకల్పము చిన్నదైనను నిలుచునది కావలెను. తప్పిన దినమున కుమిలిపోక, మరుసటి మెలకువతో మరల ఆరంభింపుడు.